విజయనగరంలో తినుబండారాల బండ్లు అర్ధరాత్రి దాటాక ఉండాలా, వద్దా? (ఒక చర్చ; ప్రతి మాటకు ముందు ఉన్నది రాసినవారి మారుపేరు.)

అయ్యకోనేరు గట్టు:
శివరాత్రితో చలి శివశివా అంటూ పోవాలి. ఈసారి ఫాల్గుణం సగమైనా పోలేదు. పగలు ఎండ చురుక్కుమంటోంది, పొద్దుగూకేసరికి స్వెట్టరు వెతుక్కుంటున్నాం. ఏడాది మొత్తంలో మనకు రాత్రిపూట హాయిగా నడవడానికి దొరికేవి ఈ కాసిని వారాలే. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పన్నెండింటికి కూడా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది.

ఇంత మంచి రాత్రుల్లో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా నడిస్తే పదకొండు తర్వాత వేడిగా తినడానికి ఏమీ దొరకదు. సెకండ్ షో చూసి బయటికొచ్చినవాడు ఖాళీ కడుపుతో ఇంటికి పోవలసిందే. నగరపాలక సంస్థ అయిన ఊరు ఇది. గంటస్తంభం, ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కలైనా బండ్లను రాత్రి రెండింటి దాకా ఉండనివ్వాలని నేనంటాను. మీరేమంటారు?

కాంప్లెక్స్ వెనక వీధి:
వద్దంటాను. ఆ బండ్ల వెనకే నా ఇల్లు. మీరు నూడుల్స్ తిని పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఇనప మూకుడుకు గరిటె కొట్టే చప్పుడు మాత్రం సాయంత్రం ఆరింటికి మొదలై మా పడకగదిలోనే కాపురం ఉంటుంది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, మార్చిలో పరీక్షలు. కిటికీ మూస్తే దోమలు, తెరిస్తే మిరపకాయల ఘాటు.

చలి వల్ల ఈసారి కొత్త ముచ్చట ఒకటి తోడైంది. తిన్న కాగితపు ప్లేట్లు, అట్టపెట్టెలు పోగేసి చలిమంట వేస్తున్నారు. మొన్న సైకిలు టైరు కూడా వేశారు. ఆ కంపు తెల్లారినా పోలేదు. మీకు హాయిగా నడిచే రాత్రి, మాకు పొద్దున్నే చీపురు. ఇంకో మూడు గంటలు పెంచమంటున్నారు, చాలా సంతోషం.

పునుగుల ప్రియుడు:
అసలు గొడవ పునుగులది కాదండీ. సీసా చంకలో పెట్టుకుని బండి దగ్గర చేరే నలుగురిది. వాళ్లను ఆపగలిగితే బండి తెల్లవార్లూ ఉన్నా ఎవరికీ నష్టం లేదు. ఆపలేనివాళ్లు బండినే మూయిస్తారు, అది సులువు కాబట్టి.

సన్నాయి:
ఈ ఊరికి రాత్రి మేలుకోవడం కొత్త కాదు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి ప్రిన్సిపాల్ హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ అంటే దీపాలు పెట్టాక మొదలయ్యేది, ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ గడియారం చూసేవారు కాదు. ఇప్పటికీ శివరాత్రికి రామతీర్థంలో జాగారం చేసేవారు వేలల్లో ఉంటారు. మేలుకోవడానికి ఒక పని ఉంటే ఊరు మేలుకుంటుంది. తినడం తప్ప ఇంకేమీ లేని రాత్రి కోసం ఇంత పోరాటం ఎందుకో నాకు అర్థం కాదు.

అయ్యకోనేరు గట్టు:
సన్నాయి గారూ, ఆకలితో హరికథ వినమంటారా? రామతీర్థంలో జాగారం చేసేవాళ్లకు టీ అమ్మేది కూడా బండివాడే కదా.

రాత్రి డ్యూటీ:
సినిమా నుంచి వచ్చేవాళ్ల ఆకలి గురించి, నిద్ర పట్టనివాళ్ల కోపం గురించి చదివాను. మూడో రకం మనుషుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ప్రసూతి వార్డులో నర్సును. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. కాన్పులు పగలు పది నుంచి అయిదు మధ్య జరగవు. సాలూరు వైపు నుంచి, కురుపాం వైపు నుంచి, మెంటాడ నుంచి అంబులెన్సులో అర్ధరాత్రి దిగుతారు. వెంట ఒక అత్తగారో తల్లో, ఒక భర్త, ఒక ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలో పాత చీరలు ఉంటాయి, ఒక్కోసారి దుప్పటి కూడా ఉండదు, ఎందుకంటే బయలుదేరేటప్పుడు మధ్యాహ్నపు ఎండ ఉంది. ఇక్కడికి వచ్చేసరికి ఈ చలి.

రాత్రి ఒంటిగంటకు కాన్పయిన తల్లి ఎంత ఆకలితో ఉంటుందో మగవాళ్లకు చెప్పినా తెలియదు. వార్డుకు భోజనం వచ్చే వేళలు వేరు. ఇద్దరి బలం ఖర్చు చేసిన మనిషి పొద్దున దాకా బిస్కెట్లతో గడపాలి. ఒక గ్లాసు వేడి పాలు, నాలుగు ఇడ్లీలు ఎక్కడ దొరుకుతాయని ఆ భర్త నన్నే అడుగుతాడు. గేటు దాటి రెండు వైపులా చూసి ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

బిడ్డ సంగతి ఇంకా ముఖ్యం. పుట్టినప్పుడు 2.5 కిలోల కన్నా తక్కువ ఉన్న బిడ్డ ఒళ్లు చాలా త్వరగా చల్లబడుతుంది. మనకు గాలి చల్లగా తగిలిందంతే, వాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది. తడి తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన కప్పుతాం. కంగారూ పద్ధతి అంటే అదే. ఆ తల్లి వణుకుతుంటే బిడ్డకు వేడి ఎక్కడ నుంచి వస్తుంది? ముందు ఆమె కడుపులో వేడిగా ఏదైనా పడాలి. ఒక ఫ్లాస్కు వేడినీళ్ల కోసం, ఒక గ్లాసు పాల కోసం అర్ధరాత్రి ఊరంతా తిరగాల్సిన అవసరం ఎందుకుండాలి?

అయ్యకోనేరు గట్టు గారూ, మీరు రెండింటి దాకా ఇరవై బండ్లు అడుగుతున్నారు. నాకు తెల్లవారే దాకా ఒక్క బండి చాలు. ఆసుపత్రి గేటుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో.

తోటపాలెం వాసి:
రాత్రి డ్యూటీ గారు అడిగింది చట్టంలోనే ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం స్థానిక సంస్థ సర్వే చేసి వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ కూడదు, ఎక్కడ కొన్ని వేళల్లోనే అమ్మవచ్చు అనేది ప్రాంతాలవారీగా నిర్ణయించవచ్చు. అంటే ఊరంతటికీ ఒకే గంట కొట్టనక్కర లేదు. పట్టణ విక్రయ కమిటీ సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. కమిటీ అనే మాట ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరి నోటా రాలేదు, అందరూ కానిస్టేబుల్ దయ గురించే మాట్లాడుతున్నారు.

అయితే ఒక మెలిక ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే పది నుంచి ఆరు. ఇళ్లుండే చోట 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు, అలా ప్రకటించిన చోట 40 దాటకూడదు. కాబట్టి గేటు దగ్గర ఇడ్లీ పాత్ర, పాల గిన్నె సరే. మూకుడు మోత, పాటల పెట్టె కుదరవు. కాంప్లెక్స్ వెనక వీధి గారి ఫిర్యాదుకూ ఈ నిబంధనే ఆధారం, టైరు పొగకు వేరే చట్టం ఉందనుకోండి.

బాలాజీ జంక్షన్:
సినిమా, నడక, హాయి అంటూ మొదలైన మాటల్లో ఆడవాళ్లు ఎక్కడైనా కనిపించారా? నర్సు గారు వస్తే గానీ రాలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ కొనే పని లేదు, బాగుంది. కానీ తొమ్మిది దాటితే పల్లెల వైపు బస్సులే పలచబడతాయి. విశాఖలో పని చేసి రాత్రి రైలు దిగే ఆడపిల్లకు స్టేషన్ నుంచి ఆటో దాకా వెలుతురు కావాలి. ఆ వెలుతురు బండివల్ల వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఇడ్లీ బండి వెనక ఒక పెద్దావిడ ఉన్నచోట ఎవడూ నోరు జారడు, ఇది నేను చూసిన మాట. అదే బండి పక్కన పునుగుల ప్రియుడు గారు చెప్పిన ఆ నలుగురూ చేరితే, నేను చీకటి సందునే ఎంచుకుంటాను.

నాగావళి ఒడ్డు:
మీకు స్టేషన్ ఊళ్లోనే ఉంది, రాయపూర్ లైను కూడా అక్కడే విడిపోతుంది, అదృష్టవంతులు. మా శ్రీకాకుళం స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది. అర్ధరాత్రి రైలు దిగి పది కిలోమీటర్లకు పైగా ఆటోలో, రెండు వైపులా పొలాల గాలి తగులుతూ రావాలి. డే అండ్ నైట్ కూడలిలో దిగేసరికి పళ్లు టకటకలాడుతుంటాయి. అప్పుడు టీ దొరికితే పదికి ఇరవై అడిగినా ఇస్తాం.

ఇంకో మాట, చర్చకు సంబంధం లేనిది. మీరంతా చలి హాయిగా ఉందంటున్నారు. మా నాన్నగారు మామిడి తోటలో తేనెమంచు పురుగుతో తల పట్టుకున్నారు. మబ్బు, మంచు ఇలాగే ఉంటే పూత నల్లబడి రాలుతుందట.

కాంప్లెక్స్ వెనక వీధి:
ఆసుపత్రి ముందు బండి గురించి నాకు రెండో మాట లేదు. పాలు, ఇడ్లీ, వేడినీళ్లు ఉండాల్సిందే. కానీ బాలింత ఆకలిని ముందు నిలబెట్టి, దాని వెనక నుంచి నూడుల్స్ బండ్లను మా వీధిలోకి తోయకండి. నర్సు గారు అడిగింది ఒకటి, ప్రశ్న వేసినవారు అడిగింది ఇంకొకటి.

అయ్యకోనేరు గట్టు:
తోయడం లేదండీ. నగరపాలక సంస్థకు అర్జీ రాస్తాను. మొదటి అంశం ఆసుపత్రి దగ్గర తెల్లవార్లూ ఒక బండి, రెండోది స్టేషన్ బయట దీపం కింద రెండు బండ్లు, మూడోది గంటస్తంభం, కాంప్లెక్స్ దగ్గర రెండింటి దాకా. సంతకం పెట్టేవారు చెప్పండి.

రాత్రి డ్యూటీ:
మొదటి అంశాన్ని విడిగా ఒక కాగితం మీద రాయండి. మూడోదానితో కలిపితే మూడూ ఆగుతాయి.

కాంప్లెక్స్ వెనక వీధి:
విడిగా రాస్తే మొదటి సంతకం నాది. మా వీధి నుంచి ఇంకో పదిమందితో పెట్టిస్తాను. కాంప్లెక్స్ పేరు కలిపి రాశారో, ఎదురు అర్జీ కూడా నాదే.