శాశ్వత నివాస వీసా వచ్చాక ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ కొనసాగించాలా, ఆఫ్‌సెట్ ఖాతాలో ఉంచాలా?

ప్రశ్న (మెల్‌బోర్న్)

నమస్కారం. తాత్కాలిక వీసాపై ఉన్నప్పుడు హైదరాబాదులో చేసిన ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే భారతీయులు అక్కడి సంపాదనను రూపాయల్లో దాచుకునే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ విలువ ఇప్పుడు దాదాపు 40,000 డాలర్లు, వడ్డీ 7 శాతం. నిరుడు మా దంపతులిద్దరికీ శాశ్వత నివాస వీసా వచ్చింది. టార్నీట్‌లో ఇల్లు కొన్నాము. గృహరుణంపై వడ్డీ 6 శాతం, నా జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు కనుక, 6 శాతం అప్పు కోసం 7 శాతం రాబడిని వదులుకోవద్దని మిత్రులు అంటున్నారు. వచ్చే నెల గడువు తీరే ఈ డిపాజిట్‌ను పొడిగించాలా, సొమ్మును ఇక్కడికి తెప్పించుకోవాలా?

సమాధానం (సిడ్నీ)

మీ మిత్రులు ఆస్ట్రేలియా పన్నును లెక్కలోకి తీసుకోలేదు. పన్ను చట్టం దృష్టిలో ఇక్కడి నివాసి అయినవారు ఏ దేశంలో వచ్చిన ఆదాయాన్నైనా ఇక్కడి రిటర్నులో చూపాలి. భారతదేశం మినహాయించినంత మాత్రాన ఆస్ట్రేలియా మినహాయించదు. తాత్కాలిక వీసాదారులకు, వారి జీవిత భాగస్వామి ఇక్కడి పౌరులో శాశ్వత నివాసులో కానంతవరకు, విదేశీ వడ్డీపై మినహాయింపు ఉంటుంది. మీకు అది వీసా మారిన రోజుతో ముగిసింది.

మీ జీతానికి వర్తించే 30 శాతం పన్ను, 2 శాతం మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్య సేవల కోసం వసూలు చేసే పన్ను) పోగా, 2,800 డాలర్ల వడ్డీలో చేతికి మిగిలేది 1,904 డాలర్లు. ఆఫ్‌సెట్ అంటే గృహరుణానికి జతచేసిన ఖాతా, అందులో ఉన్న సొమ్ము మేరకు రుణంపై వడ్డీ పడదు. అదే సొమ్ము ఆఫ్‌సెట్‌లో ఉంటే ఏడాదికి 2,400 డాలర్ల వడ్డీ కట్టే పని తప్పుతుంది. అలా తప్పిన వడ్డీ ఆదాయం కాదు కనుక దానిపై పన్ను లేదు. డిపాజిట్ దీనికి సరితూగాలంటే 8.8 శాతానికి పైగా వడ్డీ ఇవ్వాలి. డిపాజిట్ వడ్డీని రిటర్నులో చూపకపోతే ఎవరికి తెలుస్తుందనే సలహా కూడా మీకు వినిపించవచ్చు. ఖాతాల సమాచారాన్ని రెండు దేశాల పన్ను శాఖలూ ఒకదానికొకటి అందజేసుకుంటున్నాయి.

సమాధానం (బ్రిస్బేన్)

తెప్పించుకుంటే ఆఫ్‌సెట్‌లోనే ఉంచండి. రుణానికి అదనంగా కట్టి, కావలసినప్పుడు రీడ్రా చేసుకోవచ్చని (అదనంగా కట్టినదాన్ని తిరిగి తీసుకోవచ్చని) అనుకోకండి. ఈరోజు రెండింటిలోనూ ఆదా ఒకటే. కానీ రేపు ఈ ఇంటిని అద్దెకిచ్చి మరో ఇంట్లోకి మారితే, ఆఫ్‌సెట్ నుంచి తీసినది మీ సొంత పొదుపు కనుక పాత రుణంపై పూర్తి వడ్డీని అద్దె ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. రీడ్రాలో తీసినది కొత్త అప్పుగా లెక్క. దాన్ని కొత్త నివాసానికి వాడితే ఆ భాగపు వడ్డీకి మినహాయింపు రాదు. మీది స్థిర వడ్డీ రుణమైతే అసలు ఆఫ్‌సెట్ ఉందో లేదో ముందుగా చూసుకోండి.

సమాధానం (పెర్త్)

లెక్క సరైనదే, అయినా మొత్తం తెప్పించమని నేను చెప్పను. అక్కడ తల్లిదండ్రుల వైద్యానికి మీరే ఖర్చు పెట్టవలసి ఉంటే, ఆ అవసరం రూపాయల్లోనే వస్తుంది. మారకపు రేటు ఆ రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకు సరిపడా ఉంచుకోండి. అయితే భారతదేశంలో డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల వరకే, ఇక్కడ ప్రభుత్వ హామీ 2,50,000 డాలర్ల వరకు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. అమ్మానాన్నల కోసం 5 లక్షల రూపాయలు అక్కడే ఉంచి, మిగిలినది ఆఫ్‌సెట్‌కు తెస్తాను. బ్యాంకు ఇచ్చే వడ్డీ పత్రం ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది కదా, దాన్నే చూపవచ్చా?

సమాధానం (సిడ్నీ)

కుదరదండీ, ఇక్కడి పన్ను సంవత్సరం జులై నుంచి జూన్ వరకు. ఆ తేదీలతో విడిగా స్టేట్‌మెంట్ అడగండి, అందులో వీసా వచ్చిన రోజుకు ముందు వడ్డీని, తర్వాతి వడ్డీని వేరుచేయండి. డాలర్లలోకి మార్చడానికి పన్ను కార్యాలయం ప్రకటించే మారకపు రేట్లను వాడవచ్చు.