'గెలిస్తే'నా, 'గెలిచి ఉంటే'నా? జరగని చరిత్రకు ఏ క్రియ వాడాలి?

చిక్కడపల్లి నుంచి (ప్రశ్న)

పెద్దలకు నమస్కారం. మా మిత్రులం కొందరం ఆదివారాలు కూర్చుని ఒక నవలనూ, దాని ఆధారంగా తీసిన సిరీస్‌నూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుంటాం. ఈసారి వంతు ఫిలిప్ కె. డిక్ 1962 నాటి నవల 'ద మ్యాన్ ఇన్ ద హై కాసిల్'ది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను చెరో పక్కా పంచుకున్న లోకం అది. మరుసటి ఏడాది దానికి హ్యూగో పురస్కారం వచ్చింది. అమెజాన్ 2015 నుంచి 2019 వరకు దాన్ని నాలుగు సీజన్లుగా తీసింది.

ఆహ్వానపత్రం మీద పెద్ద అక్షరాలతో "జర్మనీ గెలిచి ఉంటే?" అని రాశాను. మా బృందంలో ఒకాయన దాన్ని కొట్టేసి "జర్మనీ గెలిస్తే?" అని దిద్దారు. 'గెలిచి ఉంటే' ఇంగ్లీషు చదువుల వల్ల వచ్చిన వాడుక అట, తెలుగుకు అంత అవసరం లేదట. నిజమేనా?

ఇంకో సందేహం. ఈ రకం కథలను 'ప్రత్యామ్నాయ చరిత్ర' అంటున్నారు. ఆ మాట వినగానే మా వాళ్లు రాజులను పక్కన పెట్టి రైతుల వైపు నుంచో, కూలీల వైపు నుంచో రాసిన చరిత్ర అనుకుంటున్నారు. అది జరిగిన చరిత్రే కదా. నాకు కావలసింది జరగనిది.

తార్నాక నుంచి

అత్తకు మీసాలు మొలిస్తే మామ అంటాం గానీ 'మొలిచి ఉంటే' అని ఎవరూ అనరు. మీ మిత్రుడే గెలిచారు. ('గెలిచి ఉంటారు' అనడం లేదు, గమనించండి.)

వనస్థలిపురం నుంచి, విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు

తార్నాక అమ్మాయి చమత్కారం బాగుంది. కానీ సామెతలో ఉన్నది ఎన్నటికీ కాని పని, ఎగతాళికి చెప్పేది. యుద్ధం అలాంటిది కాదు, అటూ ఇటూ కాగలిగినది. అందుకే దానికి వేరే పనిముట్టు కావాలి.

వ్యాకరణంలో 'గెలిస్తే' లాంటి ఈ రూపాన్ని చేదర్థకం అంటాం. 'చేత్' అంటే సంస్కృతంలో 'అయితే'. పాత తెలుగులో 'ఇనన్' చేరేది. మనందరికీ చిన్నప్పుడే నోటికి వచ్చిన సుమతీ పద్యం చూడండి:

దెప్పలుగ జెఱువు నిండిన
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ!

'నిండిన కప్పలు' అని ఉంటే నిండినవి కప్పలే అనుకునే ప్రమాదం ఉంది. 'గప్పలు' అని ఉంది కాబట్టి బతికిపోయాం. 'నిండినన్' చివరి ద్రుతం, అంటే ఆ నకారం, క-ను గ-గా మార్చి తాను కనుమరుగైంది. చెరువు నిండితే కప్పలు చేరతాయి. ఇది ఎప్పుడైనా జరగగల సంగతి. చెరువు నిండనూవచ్చు, నిండకపోనూవచ్చు.

ఇప్పుడు జరగనిదాని సంగతి. తెలుగులో అసలు కీలు 'అయితే' దగ్గర లేదు, వాక్యం చివర ఉంది. "పిలిస్తే వస్తాడు", "పిలిస్తే వచ్చేవాడు" పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి సగం ఒక్క అక్షరం మారలేదు. రెండో వాక్యంలో అతను రాలేదని, ఎవరూ పిలవలేదని 'వచ్చేవాడు' ఒక్కటే చెప్పింది. కాబట్టి "జర్మనీ గెలిస్తే ప్రపంచం వేరుగా ఉండేది" అన్నది నిక్షేపమైన తెలుగు. మీ మిత్రుడి మాట అంతవరకు సరైనదే.

కానీ మీ కాగితం మీద వాక్యం చివర లేదు కదా! తోక కోసేశారు. తోక లేని "జర్మనీ గెలిస్తే?" చదివినవాడు ఫుట్‌బాల్ పోటీ ఏదో ఉందనుకుంటాడు. తోక లేనప్పుడు ఆ బరువు మొదటి సగమే మోయాలి, అప్పుడు 'గెలిచి ఉంటే' తప్పదు. అవసరం ఇంకో చోట కూడా ఉంది. "తాతయ్య పిలిస్తే వచ్చేవాడు" అంటే పిలిచినప్పుడల్లా వచ్చేవాడనీ అర్థమే, పిలవలేదు గనుక రాలేదనీ అర్థమే. గతంలో రోజూ జరిగినదానికీ, ఒక్కసారీ జరగనిదానికీ మనం ఒకే రూపం వాడుతున్నాం! 'పిలిచి ఉంటే' అన్నామంటే ఆ తికమక పోతుంది. ఇంగ్లీషు వల్ల దాని వాడుక పెరిగితే పెరగనివ్వండి, పని చేసే మాటను పుట్టుక అడిగి వెళ్లగొట్టడం నాకు ఇష్టం లేదు.

మలక్‌పేట నుంచి

పేరు విషయంలో మన అలంకారశాస్త్రాన్ని అడగవచ్చు. అప్పయ్య దీక్షితుల 'కువలయానందం'లో సంభావన అనే అలంకారం ఉంది. 'ఇలా అయితే అలా అవుతుంది' అని ఊహించడం. ఆదిశేషుడే వక్త అయితే నీ గుణాలన్నీ చెప్పడం అయ్యేది అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. జరగని షరతు, దాని ఫలితం, రెండూ ఉన్నాయి. 'సంభావనా చరిత్ర' అనండి.

తార్నాక నుంచి

సంభావన అంటే పెళ్లిలో పురోహితుడి చేతిలో పెట్టేది కదండీ. ఆ పేరు పెడితే మీ ఆదివారం సభకు జనం కవర్లు పట్టుకుని వస్తారు.

మలక్‌పేట నుంచి

వస్తే మంచిదే కదా. సరే, 'అభూతకల్పన' అందరికీ తెలిసిన మాటే. భూతం అంటే జరిగినది, అభూతం అంటే జరగనిది. అబద్ధాల పుట్ట అనే నింద దానికి తర్వాత అంటుకుంది గానీ, మాట మాత్రం అచ్చంగా సరిపోతుంది.

చిక్కడపల్లి నుంచి

'అభూత చరిత్ర' బాగుంది. కల్పన తీసేస్తే నింద కూడా కొంత పోతుంది.

ఉప్పల్ నుంచి

మాష్టారూ, నేను ఈ సిరీస్‌లు చూసినవాణ్ణి. ఒక సంగతి చెప్పాలి. ఈ 'ఉంటే' అంతా బయట ఉన్న మనదే. తెర లోపల ఎవరికీ అది అక్కరలేదు. లెన్ డైటన్ 1978 నవల 'ఎస్ఎస్-జీబీ'ని బీబీసీ 2017లో అయిదు భాగాలుగా తీసింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న లండన్‌లో ఒక స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ హత్య కేసు చూస్తుంటాడు. జర్మన్లు రావడం అతనికి ఊహ కాదు, మొన్నటి సంగతి. అతని నోట 'వచ్చారు' అనే రావాలి. తెలుగులో చెప్పేటప్పుడు అక్కడ కూడా 'వచ్చి ఉంటే' వాసన తగిలితే కథ చచ్చిపోతుంది.

'హై కాసిల్'లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ నవలలో జనం చాటుగా చదివే ఒక నిషిద్ధ నవల ఉంది. అందులో యుద్ధం గెలిచినవి మిత్రరాజ్యాలు. అంటే మనకు చరిత్ర అయినది వాళ్లకు అభూతం. చదివిన పాత్ర "మిత్రరాజ్యాలు గెలిచి ఉంటే" అంటుంది, మనం "గెలిచాయి కదా" అంటాం. కానీ డిక్ అక్కడితో ఆగలేదు. ఆ లోపలి నవలలో గెలిచిన లోకం కూడా మనది కాదు. అందులో 1940 తర్వాత అమెరికా అధ్యక్షుడు రెక్స్‌ఫర్డ్ టగ్‌వెల్, పెర్ల్ హార్బర్ నుంచి నౌకాదళం ముందే తప్పుకుంటుంది. చేదర్థకంలో ఇంకో చేదర్థకం! సిరీస్‌లో ఈ పుస్తకం స్థానంలో సినిమా రీళ్లు పెట్టారు. తెర మీద పుస్తకం చదవడం కన్నా రీలు చూపించడం తేలిక, నిజమే. అయితే రీలు కంటికి సాక్ష్యంలా కనబడుతుంది. పుస్తకంలో ఎవరో ఊహించారనే అనుమానం ఉండేది, రీలులో అది లేదు. నాకైతే పుస్తకమే బాగుంది.

తార్నాక నుంచి

మరి స్టీఫెన్ కింగ్ 2011 నవల '11/22/63'? హులూ 2016లో ఎనిమిది భాగాలు తీసింది. బడి పంతులు గతంలోకి వెళ్లి కెనెడీ హత్యను ఆపబోతాడు. అతనికి అది ఇంకా ముందుంది, అందుకని 'ఆపితే' అంటాడు. మనకు అయిపోయింది, అందుకని 'ఆపి ఉంటే' అంటాం.

వనస్థలిపురం నుంచి

భేష్. ఒకే పని, ఎక్కడ నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి రెండు క్రియలు. పాఠం చెప్పే రోజుల్లో ఈ ఉదాహరణ చేతికి దొరకలేదు.

మన ఊరి నుంచి ఒకటి ఇస్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి చాలామంది ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. "ఆనాడు మూసీ పొంగకపోతే గండిపేట ఉండేది కాదు." ఇందులో 'పొంగకపోయి ఉంటే' అని సాగదీయాలని ఎవరికైనా అనిపించిందా? చివర 'ఉండేది కాదు' ఉండగా అక్కరలేదు.

చిక్కడపల్లి నుంచి

అయితే తోకతోనే రాస్తాను. డిక్ నవలలో చరిత్ర మలుపు తిరిగేది రూజ్‌వెల్ట్ హత్య దగ్గర. నిజంగా జరిగింది వేరు. 1933 ఫిబ్రవరి 15న మయామీలో జంగారా అనేవాడు కుర్చీ ఎక్కి కాల్చాడు, తూటా రూజ్‌వెల్ట్‌కు కాక పక్కనున్న షికాగో మేయర్ సెర్మాక్‌కు తగిలింది. కొన్ని వారాలకు ఆయన చనిపోయాడు. కాగితం మీద ఇలా పెడితే ఎలా ఉంటుంది: "మయామీలో ఆ తూటా గురి తప్పకపోయి ఉంటే అమెరికా ఎవరి చేతిలో ఉండి ఉండేది?"

వనస్థలిపురం నుంచి

'ఉండి ఉండేది' ఎందుకు నాయనా, 'ఉండేది' చాలు. 'తప్పకపోయి ఉంటే'ను కూడా 'తప్పకపోతే' చేయండి. ఒక వరుస మిగులుతుంది, అక్కడ సభ ఎన్ని గంటలకో వేయండి. మీరు ఇంతవరకు చెప్పలేదు.