పలాస జీడిపప్పు: కొనేవాళ్లకి ఖర్చు లెక్క ఎంతవరకు చెప్పాలి?

కాశీబుగ్గ ప్యాకింగ్:
ఫ్యాక్టరీ దగ్గర 10 కిలోల డబ్బాలు కొని, అరకిలో, కిలో ప్యాకెట్లు కట్టి వాట్సాప్ ఆర్డర్లకి పంపే చిన్న వ్యాపారం. 240 గుండు (విరగని పప్పులో ఒక సైజు గ్రేడు) కిలో 900 అంటే "పలాసలో చవక కదా, మీకెంత మిగులుతోంది?" అని నిలదీస్తున్నారు. కొన్న ధర, కూలి, ప్యాకింగు, మార్జిన్ అన్నీ ధరల పట్టికలోనే వేసేస్తే గొడవ వదులుతుందా?

పిక్క బస్తా:
వదలదు, పెరుగుతుంది. గ్రేడు వారీ తయారీ ఖర్చు అనేదే లేదు. 80 కిలోల పిక్క (ఒలవని జీడిగింజ) బస్తాకి 22 కిలోల పప్పు దిగిందనుకోండి. పిక్క కిలో 150 చొప్పున 12,000. ఉడకబెట్టడం, కోత, ఎండబెట్టడం, పొట్టు తీయడం, ఏరడం కలిపి 2,500. తొక్క నూనె మిల్లుకి పోతే 500 వెనక్కి. మొత్తం 14,000, కిలోకి 636. ఇది ఏ గ్రేడు ధరా కాదు. అదే బస్తాలోంచి గుండు, బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క మూడూ వస్తాయి. ముక్క 636 కంటే తక్కువకి పోతే ఆ లోటు గుండు మీద పడాల్సిందే. "240 తయారీ ఖర్చు ఇంత" అని రాస్తే అది మనం అల్లిన అంకె. అడిగినవాళ్లకి ఈ బస్తా లెక్క చెప్పండి, పట్టికలో మాత్రం వద్దు.

తూకంరాళ్లు:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. కొనేవాళ్లు ఇంట్లో సరిచూసుకోగలిగినవి దాచకూడదు. 240 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 గుండ్లు. 100 గ్రాములు తూచి లెక్కపెడితే 49–53 రావాలి. 320 అయితే 66–70, 210 అయితే 44–46. ఈ మూడు అంకెలు ప్యాకెట్ వెనక అచ్చు వేయండి, సగం అనుమానాలు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత తేమ. 5 శాతం దాటకూడదు. మరీ ఎండితే పెళుసెక్కి విరుగుతుందని ప్యాకింగుకి ముందు కొంచెం తేమ పట్టనిస్తారు, అది తప్పు కాదు. 7 దాకా లాగితే మాత్రం కిలోలో 20 గ్రాములు అదనపు నీళ్లు, మీ ధరకి 18 రూపాయలు. కొరికితే పటుక్కుమనాలి, సాగకూడదు.

మూడోది ఊరు పేరు. "పలాస" అనగానే జనం చుట్టుపక్కల ఉద్దానం తోటల పప్పే అనుకుంటారు. 2018 తిత్లీ తుఫానుకి ఆ తోటలు ఎంత దెబ్బతిన్నాయో మనకి తెలిసిందే. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఆఫ్రికా పిక్క కూడా నడుస్తోంది. తెచ్చిన పిక్కయితే "పలాసలో ఒలిచినది" అని రాయండి. ఇది చెప్పకుండా మార్జిన్ చెప్పడం నాకు నవ్వులాటే.

బిల్లు బుక్కు:
ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపే. 900 రాసి పైన 5 శాతం జీఎస్టీ అడగకూడదు. 857.14 సరుకు, 42.86 పన్ను అని బిల్లులో విడదీయండి. జీఎస్టీలో చిన్న వ్యాపారులకి ఉన్న కాంపొజిషన్ పద్ధతి‌లో ఉంటే పన్ను విడిగా చూపకూడదు, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం ఆర్డరు కూడా పంపకూడదు. అరకిలో ప్యాకెట్ 460 అయితే గ్రాముకి 0.92 అని కూడా వేయాలి.

"ఉచిత డెలివరీ" మానేసి కొరియర్ విడిగా చూపండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, ఆ బరువూ అసలు బరువూ పోల్చి ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తారు. 28×20×14 పెట్టెలో కిలో పప్పు పెడితే 1.57 కిలోలు, చార్జీ అరకిలో చొప్పున పెరుగుతుంది కాబట్టి 2 కిలోలకి పడుతుంది. 22×16×10 పెట్టె అయితే ప్యాకింగుతో 1.1 కిలో తూగినా ఒకటిన్నరతో సరి. ఆ తేడా కొనేవాళ్ల నెత్తిన వేయకండి.

కాశీబుగ్గ ప్యాకింగ్:
కొన్న ధర ఒక్కటీ చెబితే? పన్ను కాక 760 పడుతోంది.

పిక్క బస్తా:
అప్పుడు "900కి 140 మిగుల్చుకుంటున్నాడు" అంటారు. చెబితే చివరిదాకా చెప్పండి. 857 లోంచి 760 పోతే 97. పౌచ్, లేబులు, అట్టపెట్టె 22. డబ్బా అడుగున 300 గ్రాములు బద్ద తేలి, అది కిలోకి 250 తక్కువకి పోతే డబ్బాకి 75, కిలోకి ఏడున్నర. మిగిలేది 67 చిల్లర, అందులోనే మీ కూలి, ఫోను, విరిగిందని తిరిగొచ్చిన ప్యాకెట్లు. ఆ బద్దని మాత్రం గుండులో కలిపేయకండి, విడిగా కట్టి విడి ధర పెట్టండి.