ఫ్రీజ్ అయిన యూనియన్ పెన్షన్: అమెరికాలో రిటైరైన మనవాళ్ల అనుభవాలు

కృష్ణాతీరం
మా నాన్నగారు ఇక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యారు. యూనియన్ ఫండ్ నుంచి నెలనెలా పెన్షన్ వస్తోంది. ప్లాన్ ఫ్రీజ్ చేశామని ఈసారి వచ్చిన ఉత్తరంలో ఉంది. చెక్కు ఆగిపోతుందేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. అమ్మకూ అదే ఆధారం. ఇలాంటి ఫండ్లలో ఉన్నవాళ్లు లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పండి.

వేర్‌హౌస్ బాబాయ్
ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి. మా ఫండ్ ఫ్రీజై చాలా ఏళ్లయింది. నా చెక్కు ఆగలేదు, తగ్గలేదు. దెబ్బ తగిలేది ఇంకా పనిలో ఉన్నవాళ్లకే: ఆ తేదీ తర్వాత చేసే సర్వీసుకు పెన్షన్ పెరగదు. అప్పటిదాకా సంపాదించుకున్నది మామూలుగా తగ్గించడానికి వీల్లేదని 1974 నాటి ఎరిసా అనే పెన్షన్ల చట్టంలోనే ఉంది. నా బాధ వేరే. ధరలు ఎంత పెరిగినా నాకొచ్చే అంకె మాత్రం అదే. మా ప్లాన్‌లో ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేదు.

రెండో షిఫ్ట్
నేనింకా పనిలోనే ఉన్నాను, వెస్టింగ్‌కి, అంటే పెన్షన్ మీద హక్కు ఖాయమవడానికి, కావలసిన ఐదేళ్లు పూర్తికాలేదు. ప్లాన్ ఎలాగూ ఫ్రీజైంది కదా, వేరే ఉద్యోగానికి వెళ్లిపోదామని మా తోటివాళ్లు అంటున్నారు.

మాజీ ట్రస్టీ
తొందరపడకండి తమ్ముడూ. ఫ్రీజయ్యాక చేసిన సర్వీసు పెన్షన్‌ని పెంచదు గానీ, వెస్టింగ్ లెక్కలోకి మాత్రం వస్తుంది. ఇప్పుడు మానేస్తే అంతకుముందు కూడిందీ పోయే ప్రమాదం ఉంది. సర్వీసు రికార్డు రాతపూర్వకంగా తెప్పించుకుని చూశాకే నిర్ణయం తీసుకోండి.

కృష్ణాతీరం గారూ, చాలా కంపెనీలు కలిసి చందాలు కట్టే ఒక ఫండ్ బోర్డులో నేను యూనియన్ తరఫున ట్రస్టీగా ఉండేవాణ్ణి. 1947 టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం బోర్డులో యూనియన్‌కీ యాజమాన్యాలకీ సమాన బలం ఉండాలి. ఫ్రీజయ్యాక ట్రస్టీల పని తేలికని చాలామంది అనుకుంటారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. పనివాళ్లు తగ్గుతుంటారు, పెన్షనర్లు పెరుగుతుంటారు. వచ్చే డబ్బు కన్నా పోయేది ఎక్కువ. అలాంటప్పుడు మార్కెట్ పడితే, పెన్షన్లు ఆపలేం కాబట్టి పడిన ధరకే షేర్లు అమ్మాలి. మళ్లీ మార్కెట్ లేచినా అమ్మేసినవి తిరిగిరావు. అందుకే రాబోయే కొన్నేళ్ల పెన్షన్లకు సరిపడా డబ్బును, ఆయా తేదీలకు చేతికందే బాండ్లలో పెట్టాలని ప్రతి మీటింగులోనూ పట్టుబట్టేవాణ్ణి. రాబడి తక్కువని కొందరు ఎదురుచెప్పేవారు. ముసలివాళ్ల తిండి డబ్బుతో జూదమాడకూడదు, ఈ మాట మీద ఇప్పటికీ గట్టిగా ఉన్నాను.

ఖర్చులూ చూడాలి. పెన్షన్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ పీబీజీసీకి ఫండ్ ప్రీమియం తలకింత అని కట్టాలి, 2025లో మనిషికి 39 డాలర్లు. పెద్ద పెన్షన్ ఉన్నవాడికైనా, నెలకు పాతిక డాలర్లు వచ్చేవాడికైనా అంతే. అందుకే పని మానేసి, ఇంకా పెన్షన్ మొదలుపెట్టని వాళ్ల చిన్న మొత్తాలను ఒకేసారి ఇచ్చేస్తుంటారు. ఆ పరిమితి 2024 నుంచి 5,000 డాలర్ల నుంచి 7,000కి పెరిగింది. ఇంకా ముఖ్యమైంది: ఫండ్ నుంచి తప్పుకునే కంపెనీ, ఫండ్‌కున్న లోటులో తన వాటా కట్టిపోవాలని 1980 చట్టం చెబుతోంది. వసూలులో బోర్డు మెతకబడితే ఆ భారమంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది.

అంకెల అక్క
బాబాయ్ గారూ, చట్టం ఉంది కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి. బాగా చితికిన ఫండ్లు పెన్షన్లు తగ్గించుకోవచ్చని 2014లో ఇంకో చట్టం వచ్చింది. లారీ డ్రైవర్ల సెంట్రల్ స్టేట్స్ ఫండ్ అలా తగ్గిస్తామని దరఖాస్తు పెడితే 2016లో ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) తిప్పికొట్టింది. 2021లో ప్రభుత్వం తెచ్చిన సాయం కింద 2022 డిసెంబరులో దానికి దాదాపు 3,600 కోట్ల డాలర్లు ప్రకటించారు కాబట్టి ఆ లారీ డ్రైవర్లు బతికిపోయారు. ఆ సాయానికి కొత్తగా దరఖాస్తు చేసుకునే గడువు 2025 చివరితో ముగిసింది.

ఫండ్ పూర్తిగా ఖాళీ అయితే పీబీజీసీ ఆదుకుంటుంది గానీ అంతంతమాత్రమే: సర్వీసు ఏడాదికి నెలకు గరిష్ఠంగా 35.75 డాలర్లు. 30 ఏళ్లు చేసినవాళ్లకు ఏడాదికి 12,870. అంతకన్నా ఎక్కువ తీసుకుంటున్నవాళ్లు ఈ తేడాని లెక్కేసుకుని పెట్టుకోవాలి.

కృష్ణాతీరం
చాలా థాంక్స్ అండీ. మరి మా ఫండ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? నాన్నగారి తర్వాత అమ్మకు ఏమైనా వస్తుందా?

అంకెల అక్క
ప్లాన్ సంవత్సరం ముగిశాక 120 రోజుల్లోపు ఫండింగ్ నోటీసు పంపాలి. ఇవ్వాల్సిన పెన్షన్లలో ఎంత శాతానికి డబ్బుందో అందులో ఉంటుంది, ఆ శాతం ఒక్కటే చూసి ఊరుకోకండి. గ్రీన్ (బాగున్నది), ఎల్లో (ప్రమాదంలో ఉన్నది), రెడ్ (బాగా చితికినది), వీటిలో ఏ జోనో చూడండి. పనిలో ఉన్నవాళ్లెందరు, పెన్షనర్లెందరు? ఫండ్ ఏటా ప్రభుత్వానికిచ్చే లెక్కల పత్రం ఫారం 5500లో ఆ ఏడాది వసూలైన చందాలు, చెల్లించిన పెన్షన్లు పక్కపక్కన పెట్టుకోండి. రెండింటి మధ్య దూరం ఏటా పెరుగుతుంటే శాతం బాగున్నా నేను నమ్మను.

మాజీ ట్రస్టీ
అమ్మగారి సంగతి రిటైరైనప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది. పెళ్లయినవాళ్లకు మామూలుగా వచ్చేది, భర్త తర్వాత భార్యకు కనీసం సగం అందే పద్ధతి. అది వద్దనుకోవాలంటే ఆవిడ రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. ఆ కాగితం దొరక్కపోతే ఫండ్ ఆఫీసుకు ఉత్తరం రాసి కాపీ అడగండి, ప్లాన్ పత్రాలు కూడా అందులోనే అడగండి. రాసి అడిగితే ప్లాన్ పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలి. ఫోన్లో అడిగితే ఆ గడువు లెక్కలోకి రాదు, కాబట్టి రిజిస్టర్డ్ పోస్టులోనే పంపండి. ఇల్లు మారినప్పుడల్లా కొత్త అడ్రసు కూడా అలాగే రాసి పంపాలి, ఆచూకీ దొరక్క పెన్షన్ అందని వాళ్లు ప్రతి ఫండ్‌లోనూ ఉంటారు.