కాళ్ళు పెట్టిన టబ్బులో నీళ్ళు ఎర్రబడితే ఒంట్లో విషం పోయినట్టేనా?

అంబాజీపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి, నిజంగా సాయం కావాలి.

మా అమ్మకి 58 ఏళ్ళు. పదకొండేళ్ళుగా షుగరు, బీపీ కూడా ఉంది. సంక్రాంతి వెళ్ళాక చేయించిన టెస్టులో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) 1.6 వచ్చింది. డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు, నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దన్నారు, మూడు నెలలకోసారి టెస్టు చేయించమన్నారు. అప్పట్నుంచీ అమ్మకి ఒకటే టెన్షన్, డయాలసిస్ అన్న మాట చెవిన పడితే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. రెండు వారాల క్రితం మా పిన్ని వచ్చి, అమలాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో ఒంట్లో విషం తీస్తామంటూ ఉచితంగా డీటాక్స్ క్యాంపు పెట్టారని తీసుకెళ్ళింది. అక్కడ ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, వైర్లున్న చిన్న డబ్బాలాంటిది అందులో దించి, అమ్మని కాళ్ళు పెట్టి కూర్చోమన్నారట. అరగంటలో నీళ్ళు ముందు ఆకుపచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి కాఫీ డికాక్షన్ రంగుకి వచ్చాయట, పైన తెట్టు కూడా కట్టిందట. గోడ మీద చార్టు ఉంది, ఆకుపచ్చ అయితే పిత్తాశయంలోది, నారింజ అయితే కీళ్ళలోది, గోధుమ రంగు అయితే లివర్లోది అని. అమ్మ ఆ టబ్బు ఫొటో తీసుకుని వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తోంది.

అక్కడ మాట్లాడినాయన అన్న మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. "ఏటా వేసవిలో కాల్వలు కట్టేసి పూడిక తీస్తారు కదా, తీయకపోతే శివారు చేలకి నీళ్ళు అందవు కదా, మరి మీ ఒంట్లో యాభై ఏళ్ళ పూడిక ఎవరు తీశారు" అన్నాడట. 6,500 రూపాయలు పెట్టి 21 రోజుల కోర్సు కొనిపించారు. పొద్దున్నే పరగడుపున ఒక పొడి, పాలకూర-ఆనపకాయ రసం ఒక పెద్ద గ్లాసు, రోజుకి మూడు కొబ్బరి బొండాలు. మాత్రలు మానెయ్యాలి, ఎందుకంటే మాత్రలే విషమట. ఇవాళ్టికి ఆరో రోజు. కిలో బరువు తగ్గింది, ఒళ్ళు తేలిగ్గా ఉందంటోంది. కానీ నిన్నట్నుంచి విరేచనాలు, తలనొప్పి. ఫోన్ చేస్తే "విషం బయటికి పోతోంది, మంచి లక్షణమే" అన్నారట.

ఆ నీళ్ళకి ఆ రంగు ఎక్కడినుంచి వచ్చింది? అమ్మని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

కాకినాడ డయాలసిస్ నర్స్:

చెల్లీ, రంగు సంగతి తర్వాత, ముందు ఈ పని చెయ్యి. ఆ పొడి, ఆ రసం, బొండాలు ఇప్పుడే ఆపించు. ఇవాళే అమ్మని తన డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి క్రియాటినిన్, పొటాషియం, షుగరు చేయించు. మానేసిన మాత్రలు మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టొద్దు, విరేచనాలు అవుతున్నప్పుడు కొన్ని షుగరు మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు డాక్టర్లే రెండు మూడు రోజులు ఆపిస్తారు, ఏది ఆపాలో ఏది వెయ్యాలో ఆయన్నే చెప్పనియ్యి. ఒంట్లో నీరు తగ్గితే ఆ దెబ్బ ముందు కిడ్నీకే తగులుతుంది.

ఇప్పుడు ఆ బొండాల సంగతి. మన కోనసీమలో పుట్టినవాళ్ళకి బొండాం తాగొద్దు అంటే మనసొప్పదు, నాకూ తెలుసు. కానీ ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్ళు దాన్ని మూత్రంలో పంపించేస్తారు. మీ అమ్మగారి కిడ్నీ కొంచెం నెమ్మదించింది, పైగా బీపీకి వాడే కొన్ని మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ముందస్తు నొప్పి గానీ హెచ్చరిక గానీ ఉండకపోవచ్చు. పాలకూర కూరగా వారానికోసారి తినడం వేరు, రోజూ పచ్చిది కట్టలు కట్టలు రసం తీసి తాగడం వేరు. అందులో ఉండే ఆక్సలేటు కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారి కిడ్నీ లోపలి సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది, అలా కిడ్నీ పాడైన కేసులు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. ఆనపకాయ రసం మీద కూడా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ చెప్పింది, చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా తాగొద్దని. ఆ చేదులో ఉండే కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల వల్ల రక్తం వాంతులై, బీపీ పడిపోయి మన దేశంలోనే మనుషులు చనిపోయారు. చేదుగా ఉంటేనే మందు అని నమ్మే మనకి ఇది ఎంత ప్రమాదమో చూడు.

మా యూనిట్‌కి ఒక కొబ్బరి దింపు కార్మికుడు వస్తాడు. క్రియాటినిన్ 2 దగ్గర ఉన్నప్పుడు ఎవరో చెప్పారని మందులన్నీ మానేసి ఒక పొడి వాడాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయాసంతో, కాళ్ళవాపుతో మా దగ్గరికి తెచ్చారు. పొడి వల్లే అని నేననను, ఎనిమిది నెలలు షుగరు, బీపీ గాలికి వదిలేస్తే అదొక్కటే చాలు. ఇప్పుడు డయాలసిస్, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలు కలిపారు, దాని మీద వేలు పెడితే లోపల రక్తం గుయ్‌మని అదురుతుంది. ఆ చెయ్యి మీద బరువు వెయ్యకూడదు. చెట్టెక్కే మనిషికి చెయ్యి మీద బరువు వెయ్యొద్దంటే ఏం చేసి బతకాలి? సూది గుచ్చేటప్పుడు ఆయన నా వైపు చూడడు, గోడ వైపు తిరిగిపోతాడు. మీ అమ్మగారు 1.6 దగ్గర ఉన్నారు, ఇంకా చేతిలో చాలా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

భీమవరం చెరువు నీళ్ళు:

నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తానండి, ఆ టబ్బు గురించి నేను చెప్తాను.

ఆ రంగు తుప్పు. అంతకుమించి ఏమీ కాదు. ఆ డబ్బాలో ఇనుప రేకులు ఉంటాయి. ఉప్పు నీళ్ళలోంచి కరెంటు పోతుంటే ప్లస్ వైపు ఉన్న ఇనుము కరిగి నీళ్ళలోకి వస్తుంది. మొదట వచ్చేది ఆకుపచ్చగా ఉంటుంది, దానికి గాలి తగిలే కొద్దీ నారింజ, తర్వాత ముదురు గోధుమ రంగు. చార్టులో పిత్తాశయం, కీళ్ళు, లివరు అని రాసింది ఇనుము తుప్పు పట్టే వరసనే. పైకి తేలే తెట్టు, ఆ తుప్పు బుడగలతో కలిసి పైకి లేచింది, దాంట్లో చెమట, సబ్బు, కాలి మురికి కాస్త కలుస్తుంది. బోరు నీళ్ళు పట్టే బకెట్టుకి ఎర్రగా గార కడుతుంది కదా, దానికీ దీనికీ చుట్టరికం. 2012లో ఇలాంటి యంత్రం మీదే చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది, కాళ్ళు పెట్టకుండా నడిపి నీళ్ళు పరీక్షించారు, కాళ్ళు పెట్టినవాళ్ళ మూత్రం, వెంట్రుకలు కూడా పరీక్షించారు. ఒంట్లోంచి విషపు లోహాలు బయటికి పోయిన జాడ లేదు.

అమ్మగారికి మాటలతో చెప్పకండి, చూపించండి. గాజు గ్లాసులో నీళ్ళు, రెండు చెంచాల గళ్ళుప్పు, రెండు ఇనుప మేకులు ఒకదానికొకటి తగలకుండా, 12 వోల్టుల బైకు బ్యాటరీకి ఒక్కో వైరు. ఇంటి కరెంటు ప్లగ్గు మాత్రం ఛస్తే వాడొద్దు, ప్రాణం పోతుంది. వరండాలో పెట్టండి, కొంచెం క్లోరిన్ వాసన రావచ్చు, మొహం దగ్గర పెట్టొద్దు. పావుగంటలో అదే రంగు.

ఇంకో మాట. చెరువులో అమ్మోనియా ఎంతుందో చూడకుండా మా రైతులెవరూ మందు చల్లరు. ముందు ఎంత, చల్లాక ఎంత, కాగితం మీద అంకె ఉండాలి. ఆ క్యాంపు వాళ్ళని ఏ విషం పోతుందో పేరు చెప్పమనండి, ముందు ఎంతుంది, 21 రోజుల తర్వాత ఎంతకి తగ్గుతుంది అడగండి. నిజంగా విషం ఎక్కిన మనిషికి వైద్యం ఎలా ఉంటుందో మన డెల్టా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, చేలో పురుగుమందు ఎక్కినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే ఫలానా రకం మందు అని కనుక్కుని, ఆ రకానికి పనిచేసే అట్రోపిన్ లాంటి విరుగుడు ఎక్కిస్తారు, కంటిపాప చూస్తారు, నాడి లెక్కపెడతారు.

రాజోలు మాస్టారు:

పైన రాసినవి చదివాను, చాలావరకు ఒప్పుకుంటాను. కాకపోతే అన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యొద్దని నా మనవి. మా తాతగారు పచ్చకామెర్లకి నేల ఉసిరి పసరు ఇచ్చేవారు, డబ్బు తీసుకునేవారు కాదు, తెల్లారకముందే అరుగు మీద జనం కూర్చునేవాళ్ళు. చాలామందికి తగ్గడం నేను కళ్ళారా చూశాను. చిన్నప్పుడు నెలకోసారి ఆముదం పట్టించేవాళ్ళు, మేమెవరం చచ్చిపోలేదు. మన పెద్దవాళ్ళ తెలివిని టబ్బులవాళ్ళతో కలిపి తిడితే బాధగా ఉంటుంది.

భీమవరం చెరువు నీళ్ళు:

మాస్టారూ, మీ తాతగారు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, ఆయన మీద నాకు గౌరవమే. కానీ కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, ఇ, చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయండి. పసరు తాగినా తగ్గేవి, తాగకపోయినా తగ్గేవి. చిక్కల్లా మిగిలినవాళ్ళతోనే. పిత్తనాళంలో రాయి అడ్డుపడో, గడ్డ వల్లో కామెర్లు వచ్చినవాళ్ళు, హెపటైటిస్ ఇ వచ్చిన గర్భిణులు, వాళ్ళూ ఆ అరుగు మీదే కూర్చుని ఉంటారు. తగ్గినవాళ్ళు కృతజ్ఞతతో మళ్ళీ వచ్చి చెప్తారు, తగ్గనివాళ్ళు తిరిగి రారు, కాబట్టి అరుగు మీద కూర్చున్న పెద్దాయనకి తెలిసే దారే లేదు.

ఆకుల్లో మందు లేదని నేననడం లేదు. సర్పగంధ అనే మొక్క వేరు మనదే. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ గారు దాన్ని బీపీ రోగుల మీద వాడి, ఎవరికి ఎంత తగ్గిందో అంకెలతో సహా బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు, ప్రపంచమంతా వాడింది. తర్వాత కొంతమందికి మనోవ్యాకులత వస్తోందని తెలిసింది, అదీ రాసి పెట్టారు. ఆ క్యాంపు పొడి డబ్బా మీద ఏముందో కూడా సరిగ్గా రాయరు. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తుల పరీక్ష ఫలితాలు వచ్చాయి, దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. కిడ్నీని దెబ్బతీసే లోహాలే ఇవి. విషం తీస్తానని విషం పెడితే ఎవర్ని అడగాలండీ?

లస్కరు గారి అబ్బాయి:

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాల్వలూ లాకులూ చూసుకునే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు. ఆ పూడిక మాట చదివి వినిపిస్తే ఆయనకి చాలా కోపం వచ్చింది. కాల్వ తనంతట తాను పూడిక తీసుకోలేదు కాబట్టే మనం కట్టేసి తీస్తాం. కిడ్నీలు అలా కాదు, రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా పంపి మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి, ఒక్క పూట కూడా కట్టెయ్యడం ఉండదు. చెరువులో అమ్మోనియా అన్నారు కదా పైన, అదే అమ్మోనియా మన ఒంట్లోనూ పుడుతుంది, లివరు దాన్ని యూరియాగా మార్చి కిడ్నీకి అందిస్తుంది. నాన్న అన్నది ఒకటే, "లాకు దగ్గర మనిషి పనిచేస్తున్నంతకాలం వాడికి అడ్డంపడకుండా ఉంటే చాలు".

అమ్మగారికి ఎలా ఉంది?

అంబాజీపేట అమ్మాయి:

జవాబు ఆలస్యమైంది, క్షమించండి. నర్సు అక్క రాసింది చూసిన సాయంత్రమే అమ్మని తీసుకెళ్ళాను. క్రియాటినిన్ 2.1, పొటాషియం 5.7, షుగరు 340. సెలైన్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు. మాత్రలు కొన్ని మార్చారు, ఒకటి ఆపారు. పది రోజుల తర్వాత మళ్ళీ చేయిస్తే క్రియాటినిన్ 1.7కి దిగింది, పొటాషియం మామూలుకి వచ్చింది. అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఇంటికొచ్చాక కూడా అమ్మ "నీరసం వేరు, విషం పోవడం వేరు, నీళ్ళు నా కళ్ళతో చూశాను కదే" అంటూనే ఉంది. నిన్న మా తమ్ముడు బండి బ్యాటరీ విప్పి తెచ్చాడు. వరండాలో స్టూలు మీద గ్లాసు పెట్టాం. అమ్మనే ఉప్పు వెయ్యమన్నాను, మేకులు కూడా తనే డబ్బాలోంచి ఏరి ఇచ్చింది. రెండు నిమిషాలకి మేకు చుట్టూ ఆకుపచ్చగా సన్నటి పొగలా దిగింది. అమ్మ ముందుకి వంగింది. కాసేపటికి నారింజ, తర్వాత అచ్చం తన ఫోనులో ఉన్న రంగు. అమ్మ ఫోను తీసి గ్లాసు పక్కన పెట్టి ఒకటికి రెండుసార్లు చూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇది నాది కాదన్నమాట" అంది. ఆ గొంతులో సిగ్గు లేదు, కోపం లేదు, ఏదో బరువు దిగినట్టు ఉంది. ఇన్నాళ్ళూ తన ఒంట్లో అంత మురికి ఉందని అమ్మ ఎంత భయపడిందో నాకు అప్పుడు అర్థమైంది.

రాజోలు మాస్టారూ, మీరు చెప్పినది కూడా అమ్మకి చదివి వినిపించాను, నేల ఉసిరి సంగతి తనకీ గుర్తుంది, వాళ్ళ అమ్మమ్మ ఇచ్చేదట.

పిన్ని మాత్రం మాతో మాట్లాడటం మానేసింది, తను కూడా అదే కోర్సులో ఉంది, బాబాయ్‌కి కూడా కొనిపించింది. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాం. మేకులు, ఉప్పు సంచిలో సర్దింది మా అమ్మే.