అప్‌డేట్: పాత చీరతో క్రిస్మస్ నక్షత్రం

పర్లాకిమిడిలోని మా ఇంటి గుమ్మానికి కట్టే క్రిస్మస్ నక్షత్రాన్ని కొనకుండా, ఇంట్లో పడి ఉన్న వస్తువులతో ఎలా చేయాలని నేను అడిగినప్పుడు సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. వెదురు బద్దలతో ఒకే కొలతలో రెండు ఐదు కోణాల చట్రాలు కట్టి, వాటి కొనలను జతగా బిగించి, లోపలి ఐదు మూలల్లో పొట్టి పుల్లలను అడ్డంగా నిలబెట్టడంతో నక్షత్రం రెండు వైపులా ఉబ్బి నిలిచింది. డిసెంబరు మంచుకు కాగితం మెత్తబడుతుంది కాబట్టి, పైన అమ్మ పాత నైలాన్ చీరను చుట్టాను. అన్ని సలహాల్లోకీ ఇదే విలువైనదిగా నాకు తోచింది. నైలాన్ వేడికి కరుగుతుంది గనుక లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బునే పెట్టాను. పాత శుభలేఖల బంగారు అంచులతో గంటల ఆకారాలు కత్తిరించే పనిని పిల్లలు తీసుకున్నారు. పక్కింటివారు ఇచ్చిన శుభలేఖల్లోని వినాయకుడి బొమ్మలను మాత్రం కత్తెర తగలకుండా వేరు చేసి, వారికే తిరిగి ఇచ్చాము.