నార్వేలో ఇజ్రాయెల్ మద్దతు సంఘం ఎలా పెరిగింది? తెలిసినవారు చెప్పండి

నార్వే రాజకీయాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక చోట ముందుకు సాగడం లేదు, మీ సాయం కావాలి.

అక్కడ 1978లో 'మెద్ ఇస్రాయెల్ ఫర్ ఫ్రెద్' అనే సంఘం పుట్టింది. 'ఇజ్రాయెల్‌తో, శాంతి కోసం' అని ఆ పేరుకు అర్థం. ఈనాడు దానికి వేల మంది సభ్యులున్నారు. నార్వేలో యూదులు మాత్రం రెండు వేలకు మించరు. అంటే సభ్యుల్లో ఎక్కువ మంది యూదులు కారన్నమాట. మరి వీళ్లంతా ఎవరు?

ఒకప్పుడు ఇలాంటి సంఘం అవసరమే లేదేమో. 1949 నవంబరులో ట్యునీషియా యూదు పిల్లలను తీసుకొస్తున్న విమానం ఓస్లో దగ్గర హూరుమ్‌లో కూలింది. పిల్లల్లో ఒక్క బాలుడే బతికాడు. చలించిపోయిన నార్వే ప్రజలు చందాలు పోగు చేసి, ఇజ్రాయెల్‌లో యానూవ్ అనే ఊరి నిర్మాణానికి ఇచ్చారు. ఇది చదివినప్పుడు నా గొంతు పట్టేసింది. అప్పట్లో లేబర్ పార్టీ, కార్మిక సంఘాలు కూడా ఇజ్రాయెల్ పక్షమే. అదే దేశం 2024 మే 28న పాలస్తీనాను గుర్తించింది.

ప్రభుత్వం, కార్మికోద్యమం దూరమైనకొద్దీ జనం ఈ సంఘంలో చేరారా? లేక నైరుతి తీరంలోని భక్తి ఎక్కువైన క్రైస్తవ కుటుంబాలే దీనికి బలమా? నాకు రెండోదే ముఖ్యమనిపిస్తోంది, కానీ ఆధారం కావాలి. స్టావంగర్, క్రిస్టియాన్‌సాండ్ వైపు ఉంటున్న తెలుగువారెవరైనా ఈ సంఘం సభలు చూశారా? ఎలాంటివారు, ఏ వయసువారు వస్తారు? నార్వేజియన్ చదవగలిగినవారు మంచి పుస్తకం సూచించినా మేలు చేసినవారవుతారు.